శుద్ధి రుసుం

కుట్టుమిషనక్క ఇంటి కుళాయి కనెక్షన్ తీసేసింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకోకపోతే మీ ముందు నిలబడి మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

నేను నీళ్ల శాఖలో ఫిట్టర్ని. పదహారేళ్లుగా గొట్టాలు బిగించడం, లీకులు ఆపడం నా పని. ఆ రోజు పొద్దున మా ఇంజనీరు నా చేతిలో ఆర్డరు కాగితం, పేర్ల జాబితా పెట్టి, "వీళ్లు శుద్ధి రుసుం కట్టలేదు. కనెక్షన్లు తీసెయ్యి" అన్నాడు. మొదటి ఇల్లు కుట్టుమిషనక్కదే.

నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో బకెట్ ముందు కూర్చుని ఉంది. బకెట్లో ఉన్నది బడిపిల్లల చొక్కాలు కుట్టడానికి తెచ్చిన తెల్లగుడ్డ. కత్తిరించక ముందే తడిపి ఆరేస్తే తర్వాత పొట్టి కాదు. గుడ్డను నీళ్లలోంచి పైకి తీసి నాకు చూపించింది. పచ్చకామెర్ల కళ్లలా ఉంది.

"చూశావా తమ్ముడూ, రంగు వేయించక్కర్లేకుండా పోయింది" అని నవ్వింది. ఆమె మోచేతుల దాకా దద్దుర్లు. గోకి గోకి పుండ్లయ్యాయి.

నేను తల వంచుకుని పానా బిగించాను. "నేనేం చెయ్యనక్కా, పైవాళ్ల ఆర్డరు."

"తీసెయ్యి. నిన్నేమీ అనను. ఒక్కటి మాత్రం చెప్పి పో. ఈ నీళ్లు పాడుచేసింది నేనా?"

నట్టు ఊడొచ్చింది. కుళాయి సంచిలో వేసుకుని లేచాను.

మా ఊరికి నీళ్లిచ్చేది పన్నెండు బోర్లు. వాటిలో విషం ఉందని మూడు నెలల కిందట పరీక్షలో తేలింది. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కడతామన్నారు. ఆ ఖర్చంతా శుద్ధి రుసుం పేరుతో ఇంటింటి బిల్లులో కలిపారు. ఊరి చివర ఇనుప సామాన్లకు మెరుపు పూత వేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అనుమానం అందరికీ ఉంది. కానీ దాని జీతం రాని వీధి లేదు, అందుకే ఎవరూ నోరు మెదపలేదు. నా సొంత అక్క మొగుడు, మా బావ, అక్కడే మోటార్ల ఆపరేటరు.

ఆదివారం బడి హాల్లో సభ పెట్టారు. వేదిక మీద ఇంజనీరు, ఫ్యాక్టరీ మేనేజరు. కింద ఒక పక్క మా వీధుల ఆడవాళ్లు, ఇంకో పక్క నీలం చొక్కాల ఫ్యాక్టరీ కార్మికులు, వెనక గోడకానుకుని కాలేజీ పిల్లలు.

"విషం ఎక్కణ్ణించి వచ్చిందో ఇంకా తేలలేదు. తేలేదాకా అందరం తలా కొంచెం భరించాలి" అన్నాడు ఇంజనీరు.

"అందరం అంటే ఎవరు సార్? ఆయన కూడానా?" కుట్టుమిషనక్క మేనేజరు వైపు వేలు చూపించింది.

మేనేజరు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఆ ఖర్చు మా మీద వేస్తే ఫ్యాక్టరీ మూసేస్తాం. నాలుగొందల కుటుంబాలు రోడ్డున పడతాయి. మీ ఇష్టం."

అంతే, హాలు రెండు ముక్కలైంది. "మా పొట్ట కొట్టడానికే వచ్చారా?" అని ఒక నీలం చొక్కా అరిచాడు. "మా పిల్లలు ఏమైపోయినా ఫర్వాలేదా నీకు?" అని ఇటునుంచి ఒకావిడ లేచింది. కుర్చీలు కిందపడ్డాయి. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. మనలో మనం కొట్టుకుంటే ఎవడి పని సులువవుతుందో అప్పుడు నాకర్థమైంది.

ఆ గోలలో మా బావ లేచాడు. నలుగురిలో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు.

"నాకు తెలుసు సార్, ఎక్కణ్ణించి వచ్చిందో. ఫ్యాక్టరీ షెడ్డు వెనక ఎండిపోయిన బోరుంది. పూత వేసే తొట్లు కడిగిన నీళ్లన్నీ మోటారు పెట్టి అందులోకే తోస్తాం. తొమ్మిదేళ్లుగా. మీట నొక్కేది నేనే."

"తాగొచ్చాడు, కూర్చోబెట్టండి!" అన్నాడు మేనేజరు.

కుట్టుమిషనక్క జనాన్ని తోసుకుంటూ బావ దగ్గరికి నడిచింది. చెంప పగలగొడుతుందనే అనుకున్నాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నా పిల్లలు ఆ మీట మీదే బతుకుతున్నారక్కా."

"తాగేది ఏ నీళ్లు మరి?"

"అవే" అన్నాడు బావ. "అందుకే లేచాను."

గంట తిరక్కుండానే పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు. ప్రజల నీళ్లు పాడుచేశాడట. యాజమాన్యానికి తెలియకుండా సొంతంగా చేశాడని మేనేజరు ఫిర్యాదు రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మా అక్క నా గుమ్మంలో నిలబడింది. "చెప్పినోణ్ణి లోపలేశారు. చేయించినోడు కార్లో తిరుగుతున్నాడు. నువ్వింకా ఆ కాగితం పట్టుకుని కుళాయిలు తీస్తూనే ఉంటావేరా?"

ఆ కాగితం జేబులో పెట్టుకునే మా నీళ్ల శాఖ షెడ్డుకు వెళ్లాను. ఏడుగురం ఫిట్టర్లం. ఇక ఏ ఇంటి కుళాయీ తీయనన్నాను. ఉద్యోగం పోతుందన్నాడొకడు. పోతే ఏం తింటావన్నాడు ఇంకొకడు. రెండు నెలల్లో రిటైరయ్యే పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా కాగితం లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు.

"రుసుం కట్టని ఏ కనెక్షనైనా తీసెయ్యాలని రాసుందిక్కడ. ఏ కనెక్షనైనా. ఫ్యాక్టరీ కట్టిందా?"

"వాళ్ల మీద వెయ్యనే లేదుగా?"

"వాళ్లని వదిలెయ్యమని ఇందులో లేదే!"

ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. ముందు నవ్వింది, ఉద్యోగం పోతుందన్నవాడే.

పదింటికి ఫ్యాక్టరీ గేటు ముందుకు చేరాం. మా వెనక కుట్టుమిషన్ల ఆడవాళ్లు, తాపీ పనివాళ్లు, కాలేజీ పిల్లలు, బావని విడిచిపెట్టమని అరుస్తున్న మా అక్క. రోడ్డు పక్క, ఫ్యాక్టరీకి నీళ్లు పోయే గొట్టం చాంబరు మూత ఎత్తాం. పెద్ద వాల్వు, తుప్పుపట్టి మొరాయించింది. కడ్డీ దూర్చి నలుగురం చుట్టూ తిరిగాం. చివరికి నీళ్ల హోరు ఆగిపోయింది. మూత వేసి దాని మీదే కూర్చున్నాం.

కాసేపటికి లోపల తొట్ల పని ఆగిపోయింది. నీలం చొక్కాలు గుంపుగా బయటికొచ్చారు. కొందరి చేతుల్లో ఇనప రాడ్లున్నాయి. "వాళ్లే! మీ నోటికాడ కూడు లాగేస్తున్నారు!" అని వెనకనుంచి సూపర్‌వైజరు ఎగదోస్తున్నాడు.

కుట్టుమిషనక్క లేచి ఎదురెళ్లింది. "మీ పని పోవాలని రాలేదయ్యా. మీ మనిషి జైల్లో ఉన్నాడు, మా కుళాయిలు ఎండిపోయాయి. నీళ్లు బాగుచేసే ఖర్చు యజమాని లాభంలోంచి తియ్యమంటున్నాం. మూసేస్తానని బెదిరిస్తే మీరే ఎందుకు భయపడాలి? మీరు లేకుండా వాడు ఒక్క గొళ్లెమైనా మెరిపించగలడా?"

ముందున్న నీలం చొక్కా ఆమె మోచేతుల వైపే చూస్తున్నాడు. రాడ్డు కింద పడేసి తన చేతి తొడుగు విప్పాడు. వేళ్ల సందుల్లో పుండ్లు, గుంటలు పడిపోయి ఉన్నాయి. "మాకు మందు కూడా ఇవ్వరక్కా" అన్నాడు. వచ్చి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

పోలీసులొచ్చి మా ఏడుగురు ఫిట్టర్లనీ ఈడ్చి వ్యానెక్కించారు. మిగతా వాళ్లు లేవలేదు, మూత మీద మా చోట్లోకి సర్దుకున్నారు. వాల్వు మళ్లీ తెరవడానికి ఇంజనీరు జీపులో పక్క ఊరినుంచి ఒక ఫిట్టర్ని తీసుకొచ్చాడు. వ్యాను జాలీలోంచి అంతా కనిపిస్తోంది. నా వయసువాడే. భుజాన కడ్డీ, ఒళ్లంతా దుమ్ము.

"తప్పుకోండమ్మా, నా పని నన్ను చేసుకోనివ్వండి."

"మీ ఊళ్లో బోర్లు పరీక్ష చేశారా తమ్ముడూ?" అని అడిగింది కుట్టుమిషనక్క.

"పోయిన నెల చేశారు. ఇంకా ఏమీ చెప్పలేదు."

"నీళ్లు ఏ రంగు వస్తున్నాయి?"

అతను ఇంజనీరు వైపు చూశాడు. "చూస్తావేం, తిప్పు!" అని అరిచాడు ఇంజనీరు. అతను భుజాన ఉన్న కడ్డీ దించి రోడ్డు మీద పడుకోబెట్టాడు.

మా వ్యాను కదిలింది. లోపల పెద్దాయన నినాదం ఎత్తుకున్నాడు. మూత మీద కొత్తగా ఒక మనిషి పట్టేంత చోటు లేదు. మా అక్కా, రాడ్డు పడేసిన ఆ నీలం చొక్కా కొత్త ఫిట్టరుకి చోటిస్తూ చెరో పక్కకీ జరగడం మలుపు తిరిగేలోపు చూశాను.