పదిహేడో పొర

"ఓవెన్ వేడి పెంచేసి పొరలన్నీ మాడ్చేశాడు మేడమ్! ఇంకేం చెప్పమంటారు?"

డాక్టరేటు గైడ్ అయిన మాస్టారి అరుపు విని పరిశోధకురాలు పరుగున ల్యాబ్‌లోకి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ టెక్నీషియన్‌గా చేస్తున్న ఆమె బాబాయి తలవంచుకుని నిలబడ్డాడు. ఎదురుగా తనిఖీ అధికారిణి.

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ కోసం ప్లాస్టిక్‌లో సిలికా పొడి కలిపి చేసిన పదిహేడో పొర నిరుడు ప్రోటాన్లను రికార్డు స్థాయిలో దాటించింది. ఆ అంకె చూసే ల్యాబ్‌ను మూసెయ్యకుండా ఆపారు. ఆమె డాక్టరేటుకూ అదే ఆధారం. ఆ తర్వాత చేసిన తొమ్మిది పొరల్లో ఒక్కటీ దాంట్లో సగానికి కూడా రాలేదు. ఇవాళ బాబాయి ఉద్యోగం ఊడేలా ఉంది.

"మాడితే నీళ్ళు పీల్చదు కదమ్మా," అన్నాడు బాబాయి. "తూచి చూడు."

ఆమె తడిపొరను టిష్యూతో అద్ది తూచింది. పొడిగా ఉన్నప్పుడు వంద మిల్లీగ్రాములు, ఇప్పుడు నూటముప్పై ఒకటి. నిరుడూ అంతే.

ప్రోటాన్లు నడిచేది నీళ్ళ మీదే. నీళ్ళు తగ్గలేదు. మరి నిరుడు వాటిని అదనంగా మోసిందేమిటి?

ప్రతి పొరనూ చివర్లో ఆమ్లంలో ఉడికించి కడుగుతారు; ఆమె అలా ఉడికించిన కొత్త పొరను కడగకుండానే ప్రోటాన్లను కొలిచే మీటరుకు బిగించింది. ముల్లు ఎగబాకి సరిగ్గా నిరుటి అంకె దగ్గర ఆగింది.

ఆమ్లం తగిలితే ఎర్రబడే లిట్మస్ కాగితం కడుగునీళ్ళలో నీలంగా మిగిలేదాకా బాబాయి కడుగుతూనే ఉంటాడు. చివరి ముక్కను నోట్‌బుక్‌లో అంటిస్తాడు. "ఈయన నా కాఫీలో కూడా ముంచుతాడేమో!" అని పిన్ని వేళాకోళం.

ఆమె నోట్‌బుక్ తెరిచింది. పదహారో పొర పక్కన నీలి ముక్క. పద్దెనిమిది పక్కనా ఉంది. పదిహేడు పక్కన ఖాళీ.

"అంటే ఆ రికార్డంతా మిగిలిపోయిన ఆమ్లమేనా?" అధికారిణి గొంతు గట్టిపడింది. "కడగనిదెవరు?"

మాస్టారు బాబాయి వైపు వేలు చూపించారు. బాబాయి పేజీ చూశాడు, తేదీ చూశాడు, అమ్మాయి మొహం చూశాడు.

"నేనే అయ్యుంటానండీ. వయసైపోయింది, మర్చిపోయుంటాను."

"అబద్ధమాడకు బాబాయ్! ఆ రోజు పిన్నికి ఆపరేషన్. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు," అంది అతని చెవి దగ్గర.

"నోరు మూసుకోవే పిచ్చిదానా," అన్నాడతను, ఆమెకొక్కదానికే వినపడేలా.

టెక్నీషియన్ పొరపాటైతే ల్యాబ్ బతుకుతుంది; తప్పు తనదేనని నోరు విప్పితే ఆమె డాక్టరేటు పోతుంది. ల్యాబ్ మూతపడుతుంది. బాబాయి ఉద్యోగమూ దాంతోపాటే పోతుంది. మూసుకుంటే పోయేది అతనొక్కడే, చెయ్యని తప్పు ముద్రతో.

"ఆ రోజు తొందరలో కడగనిది నేను మేడమ్," అంది. "నేనే."