ఒకే పేరు, ఐదు పాటలు

నాకు నోరెక్కువ. మా అమ్మ ఈ మాట అనేది, మావారు అంటారు, రేడియో స్టేషన్లో ఇరవై ఆరేళ్ళుగా నాతో పనిచేసినవాళ్ళు నేను పక్కన లేనప్పుడు అనుకుంటారు. ఇన్నాళ్ళూ దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాను. ఈమధ్య ఎవరైనా ఆ మాటంటే మాత్రం తలెత్తి చూడలేకపోతున్నాను. ఎందుకో చెప్పుకుంటే కాస్త తేలికపడతానేమో.

నా ఉద్యోగం పాటల లైబ్రరీలో. మా స్టేషన్ నుంచి గాల్లోకి వెళ్ళే ప్రతి పాటా ముందు నా చేతుల మీదుగా పోవాల్సిందే. గోడ పొడుగునా ఇనుప బీరువాలు, వాటి నిండా రికార్డులు, క్యాసెట్లు, తర్వాత వచ్చిన సీడీలు. ఒక్కో పాటకి ఒక్కో కార్డు: పాట పేరు, ఆల్బమ్ పేరు, పాడినవాళ్ళు, ఏ వైపు, ఎన్నో పాట. నాకా కార్డులతో పనే పడేది కాదు. ఎవరైనా పాట పేరు చెబితే నేరుగా వెళ్ళి అరలోంచి లాగి చేతిలో పెట్టేదాన్ని. అందుకే అందరూ నన్ను ‘బీరువా’ అనేవాళ్ళు. లావుగా ఉన్నానని పెట్టారేమోనని మొదట్లో వారం రోజులు అందరి మీదా అలిగాను కూడా.

ఒకే పేరుతో రెండు మూడు పాటలుండటం మాకు మామూలే. ‘తలుపు తీసే ఉంది’ పేరుతో అయితే ఏకంగా ఐదున్నాయి. ‘ఏడు మెట్లు’ ఆల్బమ్‌లోది అలిగి వెళ్ళిపోయిన కొడుకు కోసం తల్లి పాడేది. ‘రెండో ఆట’లోది తాగుబోతు పాట, వాడు తన ఇల్లనుకుని పక్కింట్లో దూరి పాడతాడు. ‘ఇత్తడి గంట’లోది చిన్నపిల్లల పాట. ‘ఉప్పుగాలి’లోది ప్రేమ పాట, ఓ పెద్ద గాయని పాడింది, అది నోటికి రానివాళ్ళు లేరు. ఐదోది ‘పక్కింటి దీపం’ అనే ఆల్బమ్‌లో రెండో వైపు ఆఖరి పాట. అది పాడినావిడ ఆ ఒక్క ఆల్బమ్ చేసి ఊరుకుంది.

ఇలాంటి పాటల కోసం మాకో నియమం ఉంది. ఒకే పేరున్న పాటల కార్డుల మీద మూలన ఎర్రసిరా గీత ఉంటుంది. గీత కనబడితే పాట పేరు చూసి తీయకూడదు, ఆల్బమ్ పేరు చూసే తీయాలి. ఆ నియమాన్ని కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చేతా వల్లె వేయించింది నేనే. నేను మాత్రం పాటించేదాన్ని కాదు. నాకంత అవసరమా అనుకునేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి శ్రోతలు అడిగిన పాటలు వేస్తాం, అడిగినవాళ్ళ పేర్లు మాత్రం చదవం. మూడేళ్ళుగా ఆ కార్యక్రమానికి నెలకొక పోస్టుకార్డు ఆకుపచ్చ సిరాతో వచ్చేది. ‘దయచేసి “పక్కింటి దీపం” ఆల్బమ్‌లోని “తలుపు తీసే ఉంది” పాటను, గాయని పేరు చెప్పి ప్రసారం చేయగలరు’ అని ఉండేది. ప్రతిసారీ అదే వాక్యం. కింద సంతకం మాత్రం నెలకో పేరుతో. ఒకసారి ఆడపేరు, ఒకసారి మగపేరు. చేతిరాత ఒక్కటే అని చూసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ఎవరో పాపం ఎంత అమాయకంగా దొరికిపోతున్నారో అని నాకు తెగ నవ్వొచ్చేది.

ఆ కార్డు వచ్చిన ప్రతిసారీ నేను ‘ఉప్పుగాలి’ రికార్డే తీసిచ్చాను. మా అనౌన్సరమ్మాయి ఒకసారి, అక్కా, ఇందులో వేరే ఆల్బమ్ పేరుంది కదా అని అడిగింది. జనానికి కావలసింది పెద్దావిడ పాటేనని, ఆల్బమ్ పేరు ఏదో తప్పు రాసి ఉంటారని కొట్టిపారేశాను. ఆ ‘పక్కింటి దీపం’లో పాట ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. లేచి రెండడుగులు వేస్తే చివరి బీరువాలో ఉంది. లేవలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ కార్డులు క్యాంటీన్‌కి పట్టుకెళ్ళి అందరి ముందూ చదివేదాన్ని. గొంతు వణికిస్తూ, కొంగు చెవి దాకా లాక్కుని, నాటకం ఆడినట్టు చదివేదాన్ని. రాసేవాడికి ‘పచ్చసిరా పెళ్ళికొడుకు’ అని పేరు పెట్టాను. ఈ నెల పెళ్ళికొడుకు లేఖ రాలేదా బీరువా అని మావాళ్ళు అడగడం, నేను తీసి చదవడం, వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వడం. ఇంజనీరుగారైతే ఒకసారి పొలమారి దగ్గలేక చచ్చాడు. రెండు కార్డులు నోటీసు బోర్డుకి గుచ్చాను కూడా. ఇదంతా తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే చీదర పుడుతోంది.

మొన్నామధ్య నా కళ్ళజోడు విరిగింది. ఇంటి దగ్గర్లో ఉన్న కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. సన్నటి దుకాణం. ఒక గోడకి అక్షరాల పట్టిక, ఇంకో గోడకి అద్దం, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగితే తప్ప ఇంకో మనిషి పట్టడు. అరవై దాటిన సన్నటి ఆయన నా కళ్ళకి ఒక్కో అద్దం మార్చి చూస్తూ, ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు. మామూలుగా చెప్పొచ్చు కదా. రేడియోలో పాటల లైబ్రరీ మొత్తం నాదేనని, నేను తీసిస్తే తప్ప అక్కడ ఏ పాటా కదలదని గొప్పగా చెప్పాను.

ఆయన చేతిలో అద్దం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళావిడ పెళ్ళికి ముందు ఒక ఆల్బమ్ పాడిందట. ‘పక్కింటి దీపం’ అని.  మూడేళ్ళ క్రితం ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయ్యిందట. అప్పట్నుంచీ గుసగుసగా తప్ప మాట రాదట. ఒకప్పుడు తను పాడానంటే ఎవరైనా నమ్ముతారా అని అడుగుతుందట. ఇంట్లో రికార్డు పెడితే తీసేయమంటుందట.

“రేడియోలో వస్తే తీసేయమనలేదు కదమ్మా,” అన్నాడు. “ఒక్కసారి, ఆవిడ పేరు చెప్పి వేస్తే చాలు. నలుగురూ వింటున్నారని తెలిస్తే తనకీ ధైర్యంగా ఉంటుంది. ప్రతి బుధవారం ఇద్దరం కూర్చుంటాం. పాట పేరు చెప్పగానే తను నా చెయ్యి పట్టుకుంటుంది. తీరా చూస్తే ఆ పెద్దావిడ పాట వస్తుంది. అది ఇంకెవరో అడిగిందేమో, నేను నెలనెలా రాసే కార్డులు అసలు మీకు చేరుతున్నాయో లేదో.”

ఒక మనిషే అడుగుతున్నాడనుకుంటే పట్టించుకోరేమోనని, ఊళ్ళో చాలామంది అడుగుతున్నట్టు ఉంటుందని, రకరకాల పేర్లతో రాస్తున్నానని చెప్పి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సింది ఎవరో నాకు తెలుసు. నా అద్దాల నంబర్లు చీటీ మీద రాసిచ్చాడు. ఆకుపచ్చ సిరా. 

అప్పుడైనా నిజం చెప్పలేదు. లైబ్రరీలో ఎక్కడో పొరపాటు జరిగుంటుందని, కనుక్కుంటానని, వచ్చే బుధవారం తప్పకుండా వేయిస్తానని మాటిచ్చాను. ఎవరో చేసిన తప్పుని నేను సరిదిద్దుతున్నట్టే మాట్లాడాను. ఆయన లేచి దణ్ణం పెట్టాడు. ఆ బుధవారం మాతోపాటే కూర్చుని వినాలి, మా ఇంటికి రావాలి అన్నాడు. నేను కాదనలేకపోయాను.

మర్నాడు చివరి బీరువా తెరిచి ‘పక్కింటి దీపం’ తీశాను. అట్ట మీద కొత్త మెరుపు ఇంకా పోలేదు. మా స్టేషన్లో దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా వేయలేదు. తలుపేసుకుని విన్నాను. ఆ పాటలో ఆవిడ ఎవర్నీ పిలవదు, ఎవర్నీ బతిమాలదు. ఇంటి పని చేసుకుంటూ, వచ్చేవాళ్ళు వస్తారులే అన్నట్టు పాడుతుంది. అంత హాయైన గొంతు. నేను ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని, రికార్డు తీసుకెళ్ళి అనౌన్సరమ్మాయికి నా చేత్తో ఇచ్చి, బుధవారం ఇదే వేయాలని రెండుసార్లు చెప్పాను.

బుధవారం సగం రోజు సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. దుకాణం పైనే ఇల్లు. మెట్లెక్కగానే ముందుగది, నాలుగు కుర్చీలు, కిటికీ పక్క బల్ల మీద రేడియో. ఆవిడ మెడచుట్టూ పల్చటి గుడ్డ చుట్టుకుని ఉంది. నన్ను చూసి నవ్వి, కూర్చోమని చేత్తో చూపించింది. మాట్లాడాలంటే కాస్త దగ్గరగా జరిగి గుసగుసగా చెప్పేది. ఏ పాట రాబోతోందో ఆయన ముందే చెప్పేసినట్టున్నాడు, ఇస్త్రీ చీర కట్టుకుంది.

మూడింటికి కార్యక్రమం మొదలైంది. రెండు పాటలయ్యాక మా అనౌన్సరమ్మాయి గొంతు వినిపించింది. ‘తలుపు తీసే ఉంది’ అంది. ‘పక్కింటి దీపం’ ఆల్బమ్ నుంచి అంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. పాడినవారు అని, పెద్ద గాయని పేరు చెప్పింది.

పాట మొదలైంది. ఆవిడ పాటే. ఆవిడ గొంతే.

 ఏం జరిగిందో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ‘తలుపు తీసే ఉంది’ అని ఒకసారి కొట్టి, మిగతా నాలుగింటికీ మళ్ళీ కొట్టే ఓపిక లేక పైదాన్నే కిందకి లాగి, ఆల్బమ్ పేర్లు మాత్రం మార్చాను. పాడినవాళ్ళ పేర్లు మార్చలేదు. తాగుబోతు పాట కూడా మా లెక్కలో పెద్దావిడే పాడింది. అనౌన్సర్ల కాగితం ఆ కంప్యూటర్లోంచే వస్తుంది. రికార్డు చేత్తో ఇచ్చానే గాని, కాగితం చూడాలని నాకు తట్టలేదు.

పాట అయిపోయింది. ఆయన రేడియో వైపే చూస్తున్నాడు. ఆవిడ నా ముఖం చూసింది. ఏం కనబడిందో ఏమో, నన్ను ఊరడించాలనుకుంది కాబోలు, నా దగ్గరికి వంగి గుసగుసగా అంది.

“బాగా పాడిందండీ ఆవిడ.”

అంతే, ఇక ఆగలేకపోయాను. పేరు తప్పు ఎక్కించింది నేనేనని చెప్పాను. మూడేళ్ళుగా వేరే రికార్డు తీసిచ్చింది కూడా నేనేనని చెప్పాను. ఆకుపచ్చ కార్డులు చదివి అందరం నవ్వుకున్నామని, రెండు కార్డులు బోర్డుకి గుచ్చానని, పెళ్ళికొడుకు అని పేరు పెట్టానని కూడా చెప్పేశాను. చెప్తున్నంతసేపూ నేలచూపులే. నా నోరు అంత చిన్నగా మాట్లాడటం నేనే ఎప్పుడూ వినలేదు. తిడితే పడదామని, వెళ్ళిపొమ్మంటే లేచి వెళ్దామని చెప్పులవైపు చూస్తూ కూర్చున్నాను.

 ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

“అయితే ఆ కార్డులు మీకు అందాయా?” అని అడిగింది.

“అందాయండీ.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆవిడ భర్త వైపు తిరిగింది. “విన్నారా, అన్నీ అందాయట. పాపం, ఆ పోస్టుమాన్ పారేస్తున్నాడని మూడేళ్ళ నుంచీ అతనితో మాట్లాడటం మానేశారు. రేపు వస్తే కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడండి.”

ఆయన సరేనని తలూపాడు. నన్ను మాత్రం ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు.