కొమ్ములకు కట్టని ఉచ్చులు

యాడికి ఊరు దాటితే బోదగడ్డి బీడు. ఒకప్పుడు అక్కడ జింకల మంద కదిలితే నేలే కదిలినట్టుండేది. పందొమ్మిదివందల యాభైరెండు కరువులో గడ్డి ఎండింది, మంద తరిగింది. నల్లవీపు మగజింక ఒక్కటే మిగిలింది, దాని చుట్టూ గుప్పెడు లేళ్లు.

చిన్నక్క పెనిమిటి గోవిందప్ప వేటగాడు. అతని ఆయుధం ఒక మచ్చిక జింక, నల్లోడు. తల్లి చచ్చిన ఆ కూనను చిన్నక్కే మేకపాలతో సాకింది. దాని కొమ్ములకు నరాలతో పేనిన ఉచ్చులు కట్టి వదిలితే, తన లేళ్ల మధ్యకు వచ్చిన పరాయి మగదానిమీదికి అడవిజింక ఉరికేది. కొమ్ములు కలిస్తే ఉచ్చు బిగిసేది. ఉచ్చులు కట్టే పని చిన్నక్కది. మరెవరి చేతికీ నల్లోడు తల వంచడు.

ఆ వేకువ గోవిందప్ప కత్తి నూరుతూ అన్నాడు: "బయ్యన్న ఇంట్లో పెండ్లి. మాంసమిస్తే మూట జొన్నలిస్తాడంట."

"యో, మొగది అదొక్కటే ఉండాది. దాన్నీ కోస్తే మంద యాడుంటాది?"

"పొయ్యిలో పిల్లి లేవకుండా ఉంటే నీకు మంద దిగులా? మొగుడు పోయిన లేళ్లను మీ నాయనింటికి పంపుదాంలే. కట్టుమే!"

అతడు ముందుగా పోయి కంపచాటున దాగాడు. చిన్నక్క నల్లోడి మెడ నిమిరింది. ఉచ్చు బిగిస్తే పోరు అక్కడే ఆగుతుంది. ఉచ్చు లేకుంటే ఒకటి ఓడేదాకా ఆగదు. అడవిలో పెరిగినదాని ముందు మేకపాల బిడ్డ ఎంతసేపు నిలుస్తాడు? ఉచ్చులను ఒడిలో దోపుకొని, ఉత్త కొమ్ములతో నల్లోణ్ణి వదిలింది.

దుమ్ము లేచింది. కొమ్ములు ఢీకొన్నాయి, విడిపోయాయి, మళ్లీ ఢీకొన్నాయి. పెళపెళమన్న చప్పుడు చిన్నక్క గుండెలో తగిలింది. అడవిజింక తల విదిలించి లేళ్లవైపు మళ్లింది. నల్లోడు కుంటుతూ, నెత్తురోడుతూ, చిన్నక్క దగ్గరికే వచ్చాడు. ఒక కొమ్ము మొదలంటా విరిగింది.

గోవిందప్ప పరుగున వచ్చాడు. "ఉచ్చు యాల బిగియల్యా?"

ఆమె ఒడి విప్పింది. ఉచ్చులు అతని కాళ్ల ముందు పడ్డాయి.

"ఒంటికొమ్ముతో వేట సాగదు, తెలుసునా?"

"తెలుసు."

అతని చెయ్యి లేచింది. నల్లోడు ఆమె కొంగులో తల దాచుకోవడం చూసి దిగింది.

ఆ రాత్రి ఇద్దరూ నీళ్లు తాగి పడుకున్నారు. తెల్లవారి గోవిందప్ప ఆ నరాల ఉచ్చులనే విప్పి కట్టెలమోపుకు బిగించి, నెత్తికెత్తుకొని అమ్మడానికి యాడికి ఊరి దారి పట్టాడు.