తిరగేసిన చొక్కా

తోడికోడలు గెలిస్తే సంతోషపడ్డానని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు కడుపు మండుతుంది. నాకూ మండింది.

మా కుట్టు షెడ్డులో నమూనా చొక్కాలు కుట్టే కుర్చీ ఒక్కటే. కిటికీ పక్కన ఉంటుంది. అక్కడ గాలి ఉంది, గంటకిన్ని ముక్కలనే తరుముడు లేదు. పన్నెండేళ్లు దానికోసం కాచుకున్నాను. మరిది భార్యకు మూడేళ్ల కిందట మిషను తొక్కడం నేర్పింది నేనే. ఈమధ్య కుర్చీ ఖాళీ అయ్యాక పోటీకి ఇద్దరం చెరో చొక్కా కుట్టాం. కటింగ్ మాస్టరు దాని చొక్కానే ఎంచాడు.

ఒక్క కుర్చీ వేసి నలభైమందిని కొట్టుకోనివ్వడం యజమాని తెలివని గేటు ముందు గొంతు చించుకున్నదాన్ని నేను. అయినా నా కళ్లలో నిప్పులే.

ఓడినవాళ్లే గెలిచిన చొక్కాను ఇస్త్రీ చెయ్యాలి, అది మా షెడ్డు ఆనవాయితీ. మధ్యాహ్నం కొనేవాళ్లు చూస్తారు. నచ్చకపోతే కుర్చీ రెండో మనిషిది.

"జాగ్రత్త వదినా, చొక్కా మాడుతుందో నువ్వు మాడతావో!" అంది కాజాలు కుట్టే ఆవిడ.

"నీ నోటికో కాజా కుట్టుకుని బొత్తాం పెట్టుకో."

తోడికోడలు వచ్చింది. "కోపమా అక్కా?"

"ఆనందమే! కనబడట్లేదూ?"

ఇస్త్రీపెట్టె వేడి పెంచాను. కాలరు మీద ఒక్క నిమిషం ఆపితే చాలు. ముందు ఒక తప్పు దొరికితే మనసుకు సర్దిచెప్పుకోవచ్చని చొక్కా తిరగేసి, కోడిగుడ్డుకు ఈకలు పీకడం మొదలుపెట్టాను. కాలరు నేను నేర్పినట్టే ఉంది. చంక దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ నా కుట్టులో చిన్న ముడత వస్తుంది. పన్నెండేళ్లుగా ఇస్త్రీతో అణిచి దాస్తున్నాను. దీనికి ముడతే లేదు. ముందు చేత్తో దూరదూరంగా కుట్టి, దారం లాగి గుడ్డను సర్ది, ఆ తర్వాత మిషను వేసింది. ఇది నేను నేర్పలేదు. ఎప్పుడు కనిపెట్టిందో దొంగముండ!

వేడి తగ్గించాను. మంట మాత్రం తగ్గలేదు.

కొనేవాళ్లు వచ్చి పైపైన చూశారు. "మామూలుగానే ఉంది. రెండోది చూపించండి" అన్నారు. తోడికోడలి మొహం పాలిపోయింది. రెండోది నాదే. నోరు మూసుకుంటే కుర్చీ నాది.

"మామూలేంటయ్యా!" అని అరిచాను. వాళ్ల చేతిలోంచి చొక్కా లాక్కుని తిరగేశాను. "చంక చూడండి! ఇక్కడ, ఇక్కడ! నా జన్మలో ఇలా కుట్టలేదు నేను!"

షెడ్డంతా మిషన్లు ఆపేసింది.

కుర్చీ దానికే వచ్చింది. నా దగ్గరికొచ్చి ఏడుపు మొహం పెట్టింది.

"ఏడవకు, చిరాకు. రేపు పొద్దున్నే ఆ కుట్టు నాకు నేర్పు."