గుమ్మం పక్కన హార్న్‌బీమ్

జర్మనీలో సోలింగ్ కొండల్లోని ఆ ఊళ్లో మే ఒకటిన తెల్లారేసరికి పెళ్లికాని ఆడపిల్లల గుమ్మాల్లో కొమ్మలు వెలుస్తాయి. బీచ్ చెట్టు కొమ్మ పెడితే నిన్ను చేసుకుంటానని. హార్న్‌బీమ్ చెట్టుది పెడితే నువ్వు మొండిదానివి, నీ జోలికెవడొస్తాడని. రెండు చెట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, బీచ్ ఆకు అంచు నునుపు, హార్న్‌బీమ్‌ది రంపం. అక్కడ పాలుతాగే పిల్లనడిగినా ఆ తేడా చెబుతుంది. పెట్టిందెవరో మాత్రం పైకి చెప్పుకోరు.

ఏప్రిల్ ఆఖరి రోజు అడవి పనిలో ఎమిల్, తోటి కూలీ థెక్లా పక్కకొచ్చి, "రేపు పొద్దున మీ గుమ్మం చూసుకో," అన్నాడు. అతను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు ప్రష్యా కొస నుంచి కట్టుబట్టలతో వచ్చి, చెట్లు కొట్టేవాళ్ల షెడ్డులో ఉంటున్న మనిషి. ఆ మాట కోసం ఆమె రెండేళ్లుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది.

తెల్లారి తలుపు తీస్తే ఏముంది, హార్న్‌బీమ్ కొమ్మ. వీధి వీధంతా నవ్వింది. థెక్లాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే ఎమిల్ అడిగాడు. "నీ జవాబేంటి?"

"పొయ్యిలో పెట్టా. అదే జవాబు."

జూన్‌లో అతను బొగ్గు గనులకు వెళ్లిపోయాడు. ఏ గనికో ఎవరికీ చెప్పలేదు. పోతే పోనీ అనుకుంది గానీ మనసు మాట వింటుందా? మధ్యాహ్నం రొట్టె విప్పినప్పుడల్లా అతను కూర్చునే దుంగ వైపే చూసేది.

సెప్టెంబరులో అటవీ అధికారి ఆడకూలీలను ఎగువ వాలుకు తీసుకెళ్లి, "ఈ మొక్కలన్నీ పీకేయండి," అన్నాడు. "అడవిలో మొలిచిన బీచ్ మొక్కలు తవ్వి తెచ్చి నాటమని మార్చిలో ఎమిల్‌కి చెప్పా. మూడొందలు నాటాడు మహానుభావుడు, మూడొందలూ హార్న్‌బీమే. వాళ్ల వైపు బీచ్ మొలవదట. వాడికి రెండూ ఒకటే."

థెక్లా చేతిలో మొక్క చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందే?" అంది ముఠా పెద్ద ఒటీలియా పిన్ని.

"ఆ కొమ్మ పెట్టింది ఎమిలే పిన్నీ. నాకు బీచ్ పెట్టాడు."

"హార్న్‌బీమ్ కదే, ఊరంతా చూశాం."

"అతను పెట్టింది బీచే," అని ఏడ్చేసింది.

సాయంత్రం దాకా అందరితోపాటు తనూ పీకింది. ఆఖరి మొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చి గుమ్మం పక్కన నాటింది.

"ఊరు నవ్వింది చాల్లేదా, నీకు నువ్వే పెట్టుకున్నావ్?" అంది దారిన పోతున్న పిన్ని.

"నవ్వుకోనీ. అతనొచ్చి చూస్తే బీచ్ అనుకుంటాడు," అంది థెక్లా.