మెత్తని గుడ్డు

సత్తెనపల్లి అవతల పొలంలో, కుప్ప వేసిన పత్తికట్టెను ఇంట్లో పొయ్యికోసం లాగుతోంది అనీసా. అడుగున తెల్లటి గుడ్లు కనిపిస్తే ఒకటి చేతిలోకి తీసుకుంది.

“కౌజుపిట్ట గుడ్లేమో!” అంది ఆడబిడ్డ నజీరాతో.

డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న నజీరా, “నొక్కి చూడు వదినా,” అంది.

పెంకు తోలులా లోపలికి పోయింది.

నజీరా ఒక అడుగు వెనక్కి వేసింది. “పాములూ పిట్టలూ దూరపు చుట్టాలే గానీ, పిట్టగుడ్డు ఇట్లా మెత్తగా ఉండదు. ఇది పాముది. వదినా, కదలకు... నీ వెనకాలే ఉంది.”

బుస వినిపించింది. అనీసా ఊపిరి బిగబట్టింది. పడగ దించిన తాచు ఆమె పాదం మీదుగా, చల్లగా, కుప్పలోకి పాకింది.

ఆ గండం గట్టెక్కాకే ఆమెకు ఏడుపొచ్చింది. గుడ్డు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని నేల మీద పెట్టి, పొడుగాటి కట్టెతో కుప్పవైపు దొర్లించి, ఇద్దరూ పరుగందుకున్నారు.