అరుగు వెడల్పు

స్వర్ణకుమారి కంప్యూటరు తెర మీద గీసిన గోడను మళ్లీ చెరిపింది. కుర్చీలోంచి లేచి నీళ్ల ఫిల్టరు దాకా వెళ్లి, దాహం లేకపోయినా సగం గ్లాసు తాగి, వచ్చి కూర్చుని, మళ్లీ లేచింది. కాలుగాలిన పిల్లి అంటారే, పొద్దుటినుంచీ అలాగే ఉంది. కిటికీ కింద ఖరగ్‌పూర్ ఇందా బజారులో ఆటోలు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. వాన వస్తుందో రాదో తేల్చుకోలేని ఉక్క.

ఆమె మనిషి సన్నం. చీర కొంగు నడుముకు దోపి, కళ్లజోడు మెడలో తాడుకు వేలాడేసుకుంటుంది. కుడిచేతి నడిమివేలు మీద నల్లటి కాయ ఒకటుంది. ట్రేసింగు కాగితం మీద సిరా పెన్నుతో ప్లానులు గీసిన రోజుల గుర్తు అది. పెన్నులు పోయాయి, ముసలి యజమాని పోయాడు, ఆయన ఆఫీసును ఫణీంద్ర తీసుకున్నాడు. ఫణీంద్రది కాకినాడ. హిజ్లీలోని ఐఐటీలో చదువుకోవడానికి వచ్చి, ఈ ఊళ్లోనే ఉండిపోయిన ఇంజనీరు. చేతులు మారినా స్వర్ణ మాత్రం అదే బల్ల దగ్గర ఉంది. ఊళ్లో ఎందరి ఇళ్లు గీసిందో ఆమెకే తెలియదు. ఇది ఇలా మార్చండి అని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆమె అమ్మనే అడగని రకం.

తండ్రి రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన తోటివాళ్లతో కలిసి పూరీ గేట్ అవతల సందులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. సంబంధాలు వచ్చాయి, కూర్చున్నాయి, బజ్జీలు తిని వెళ్లిపోయాయి. అమ్మానాన్నలు కూడా పోయాక ఆ ఇంట్లో ఇప్పుడు స్వర్ణ, ఒక కుట్టుమిషను.

ఇప్పుడు తెర మీదున్నది ఆ సందే. ఆమె గుమ్మానికి ఎదురుగా ఉన్న తవిటయ్య ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతారు. తవిటయ్య తండ్రితోపాటు పనిచేసిన ఫిట్టరు, ఆమెకు చిన్నాన్న వరస. పైకప్పు కారుతోంది, కొడుకు జగ్గారావు ఆద్రాలో రైల్వే ఉద్యోగం, భార్య సింహాచలమ్మ పోయి చాలాకాలమైంది. అందరూ దాదా అని పిలిచే బెంగాలీ బిల్డరు, కింద ఒక ఫ్లాటు ఆయనకిచ్చి మిగతావి అమ్ముకుంటాడు. రేపు సంతకాలు. తవిటయ్య పెట్టిన షరతు ఒక్కటే, వీధివైపు అరుగుండాలి.

ఫణీంద్ర చెడ్డవాడు కాదు. నలుగురు మాట్లాడుకుంటున్నచోటికి కొత్తవాడొచ్చి వీపు తిప్పి నిలబడితే ఎలా ఉంటుందో, సందుకు నప్పని ఇల్లు అలా ఉంటుందని అంటాడు. అందుకే ముందుభాగాన్ని పక్క ఇళ్ల పిట్టగోడల ఎత్తులోనే ఆపి, అంతస్తులను వెనక్కి జరిపాడు. దాదాకు మాత్రం ముందంతా కార్లకు కావాలి. స్వర్ణ ఆ గోడా ఈ గోడా నొక్కి, కారు దారి పక్కన ఒక మనిషి కూర్చునేంత వెడల్పున అరుగు ఇరికించింది. ఇరికించాక కాస్త గర్వపడింది కూడా. ప్రింటు తీసుకుని, భోజనం వేళ ఆటో ఎక్కి సందుకు వెళ్లింది.

తవిటయ్య తన పాత అరుగు మీదే ఉన్నాడు. ఒకప్పుడు బోగీ కింద దూరడానికి నానా అవస్థ పడ్డ పొడుగు మనిషి. ఇప్పుడు వంగినా పొడుగే. ప్రింటును దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇక్కడ హాయిగా కూర్చోవచ్చని స్వర్ణ వేలితో చూపించింది.

"కూకోడానికి కాదమ్మా," అన్నాడు తవిటయ్య. "మీ పిన్నిని ఈ అరుగు మీదే పడుకోబెట్టినాం. నలుగురూ ఇక్కడ్నించే ఎత్తినారు. మా తమ్ముడు ఫ్లాటులో పోనాడు, లిఫ్టులో పట్టనేదు. కుర్సీకి దుప్పటితో కట్టి మెట్లమీంచి దింపినారు. తల ఏలాడిపోనాది. నేను ఎనకాలే దిగినాను, సూసినాను."

ప్రింటు మడిచి ఆమె చేతికిచ్చాడు.

"నన్నట్టా పంపకండి."

స్వర్ణ భోజనం మానేసి వెనక్కి ఆటో ఎక్కింది. ఆ అరుగును పుట్టినప్పటినుంచీ చూస్తోంది. దాని మీద సింహాచలమ్మకు పసుపు రాసిన చేతుల్లో తన చేతులూ ఉన్నాయి. అయినా గీసేటప్పుడు కూర్చునే మనిషే గుర్తొచ్చాడు. సిగ్గేసింది.

ఆఫీసుకు రాగానే, కూర్చోకుండానే, అరుగు వెడల్పు చేయాలని ఫణీంద్రతో చెప్పింది. మొదటిసారి అడుగుతోంది కాబట్టి గొంతు అవసరమైనదానికంటే పెద్దగా వచ్చింది. ఫణీంద్ర తలెత్తి చూశాడు. దాదాకు ఫోన్ చేస్తే, ముసలాడి ముచ్చటకి కారు దారి పోగొట్టుకోనని అతను అరిచాడు. స్వర్ణ కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరిగింది. ఈ షరతు లేకపోతే రేపు సంతకమూ ఉండదని చెప్పమంది. ఫణీంద్ర పెన్సిలు తీసుకుని, మెట్లను వెనక్కి తిప్పితే దారి మిగులుతుందేమో చూద్దామన్నాడు. ఇద్దరూ కలిసి గీశారు, చెరిపారు, గీశారు. చివరికి దారి మిగిలింది, అరుగు మీద మనిషి పడుకునే చోటూ దొరికింది. దాదా గొణిగి, గొణిగి, ఠీక్ హై అన్నాడు.

కొత్త ప్రింటు చుట్టుకుని ఆమె సందు మలుపు తిరిగేసరికి తవిటయ్య ఇంటిముందు జనం ఉన్నారు.

ఆయన అరుగు మీదే ఉన్నాడు, దుప్పటి కప్పి. పక్కింటి చిట్టెమ్మ స్వర్ణ చెయ్యి పట్టుకుంది.

"నువ్వెల్లినాక అరుగు మీద పడుకున్నాడే. కొలత స్వర్ణకి సూపాల, కాళ్లకాడ గీత గియ్యే అంటే గీసినాను. మరి లెగనేదు."

తల దగ్గర ఒక గీత, పాదాల దగ్గర ఒక గీత. ఆయన్ని అక్కడికి మోయాల్సిన పని ఎవరికీ పడలేదు. స్వర్ణ ప్రింటును చంకలో పెట్టుకుని నిలబడే ఉంది. ఎవరో కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఏడుపు వచ్చింది, కొంగుతో తుడుచుకుంటే మళ్లీ వచ్చింది.

అప్పటికే కబురందిన జగ్గారావు సాయంత్రం బండికి దిగాడు. నలుగురూ ఒక్కసారే వంగి, అరుగు మీదనుంచి పాడె ఎత్తారు. తల ఎక్కడా వేలాడలేదు. మగవాళ్లు సందు దాటాక ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఇల్లూ అరుగూ కడిగారు.

అప్పుడే ఫణీంద్ర ఫోన్ చేశాడు. కబురు దాదాకు తెలిసిందట. షరతు పెట్టిన మనిషే లేడు గనక, కొడుకు అడ్డు చెప్పకపోతే అరుగు తీసేసి ముందంతా కార్లకే వదలమంటున్నాడట. ఏం చేద్దాం స్వర్ణగారూ అని మెల్లగా అడిగాడు.

స్వర్ణ సందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. గుమ్మాల్లో దీపాలు వెలుగుతున్నాయి. తన గుమ్మం చీకటిగా ఉంది.

"ఉండనీండి సార్," అంది. "ఈదిలో ఇంకా మేమందరం ఉన్నాం."

రేపు జగ్గారావుతో కలిసి దాదా దగ్గరికి తనూ వస్తానన్నాడు ఫణీంద్ర.

ఆమె ఫోన్ పెట్టేసి అరుగు దగ్గరికి వచ్చింది. నీళ్లకు గీతలు రెండూ పోయాయి. గోడ వారన, తడిసి సగం కరిగిన వర్క్‌షాపు సుద్దముక్క ఒకటి మిగిలి ఉంది.